వంగనారుకు పట్టిన బూజు

ఒక వానాకాలమంతా మా ఇంట్లో నాకూ బూజుకూ పోరు నడిచింది. బూజంటే గోడ మూలల్లో సాలీళ్ళు పెట్టేది కాదు, తడి మట్టి మీద తెల్లగా నూగులా లేచేది. దాన్ని వదిలించి తీరాలని నేను పట్టిన పట్టు చూసి మా ఆయన నవ్వేవాడు. ఆయన నవ్వినకొద్దీ నాకు పంతం పెరిగింది. గుప్పెడు వంగనారు కోసం ఇంత రభస ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది కాబట్టి మొదటి నుంచీ చెప్తాను.

మేము మదీనాగూడలో, హైవేకి కాస్త లోపలగా ఉన్న ఒక అపార్ట్‌మెంట్లో ఏడో అంతస్తులో ఉంటాం. నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ పని చేసీ చేసీ ఇంట్లో కూడా నా చూపు అలాగే తయారైందని మా ఆయన దెప్పుతుంటాడు. పప్పులో ఉప్పు తక్కువైతే నోరు మూసుకుని తినేసే మనిషి ఆయన. ఎందుకు తక్కువైందో తేలేదాకా నాకు ముద్ద దిగదు.

మా అత్త పోయాక మా మామగారు ప్రొద్దుటూరులో అద్దె ఇల్లు ఖాళీ చేసి మా దగ్గరికి వచ్చేశారు. ఒక సంచిలో బట్టలు, ఇంకో సంచిలో దేవుడు. దేవుడంటే బొటనవేలంత రాతి లింగం, దానికి అభిషేకం చేసే రాగి చెంబు, ఒక విబూది డబ్బా. ఆ సంచి అడుగు నుంచే పాత కాఫీ పొడి డబ్బా ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "ఇది మీ అత్తది" అన్నారు. మూత తీస్తే బూడిద. బూడిదలో వేలు పెట్టి కదిపితే వంగ గింజలు.

ఆ వంకాయ గురించి చెప్పాలి. ఆకుపచ్చ కాయ మీద తెల్ల చారలు, తొడిమ నిండా ముళ్ళు. మా అత్త ఎన్ని అద్దె ఇళ్ళు మారినా ముందు పెరట్లో ఆ మొక్కలకు చోటు చూసుకున్నాకే వంటింటి సామాను సర్దుకునేది. నాకూ ఆమెకూ పడేది కాదు. ఇద్దరం ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళమే. పోట్లాడుకుని నేను అన్నం తిననని భీష్మించుకు కూర్చుంటే, ఆమె ఏమీ అనకుండా గుత్తి వంకాయ మూకుడు తెచ్చి నా ముందు పెట్టి మూత తీసేది. ఆ వాసనకు నా రోషం నిలిచేది కాదు. ఆమె పోయినప్పుడు నాకు దుఃఖంతో పాటు కోపం కూడా వచ్చింది. ఇంకా ఎన్ని పోట్లాటలు బాకీ ఉన్నాయో, అన్నీ మధ్యలో వదిలేసి వెళ్ళిపోయింది.

గింజలు ఎక్కువ లేవు. అరచేతిలో పోసుకుంటే అరచెయ్యి నిండలేదు. పైగా పాతవి. వంగ గింజ డబ్బాలో ఊరికే బతికి ఉండదు. ఈ వానాకాలం మొలిస్తే మొలిచినట్టు, లేకపోతే ఇక లేనట్టే. ప్రొద్దుటూరులో ఆమె దగ్గర నారు పట్టుకెళ్ళిన వాళ్ళకు ఫోన్లు చేశాను. ఒకరి పెరడు ఇప్పుడు స్కూటర్ల షెడ్డు. ఇంకొకరు ఎప్పుడో మానేశారు. అంటే ఆ వంకాయ ఈ భూమ్మీద మిగిలి ఉంటే నా చేతిలో డబ్బాలోనే మిగిలి ఉంది. మామగారు బజారు వంకాయ ముట్టుకోవడం మానేసి అప్పటికి చాలా రోజులైంది. "ఇది అది కాదులేమ్మా" అని గిన్నె పక్కకు జరిపేవారు. నేను మొలిపించి తీరతానని అప్పుడే అనుకున్నాను.

బాల్కనీలో నారు పోయడానికి లేదు. పావురాలు. వల కట్టించినా ఏదో సందులోంచి దూరి మెంతి మొలకలన్నీ పీక్కుపోయిన చరిత్ర వాటిది. పైగా ఆ జూలైలో వాన తెరిపి ఇవ్వలేదు. అందుకని హాల్లో కిటికీ కింద బల్ల వేసి, ప్లాస్టిక్ ట్రేలో కొబ్బరిపొట్టు నింపి, డబ్బాలోంచి కొన్ని గింజలు చల్లి, పైన పల్చగా కప్పి, తడిపాను. అది ఆదివారం. బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే ట్రే మీద తెల్లటి నూగు. ఎవరో బూడిద చల్లినట్టు అక్కడక్కడా మచ్చలు.

చెంచా తెచ్చి పైపొర గీకి పారేశాను. రెండు రోజుల్లో కొన్ని మొలకలు తలెత్తాయి. నా సంబరం నిలవలేదు. పొద్దున నిటారుగా ఉన్న మొలక సాయంత్రానికి మెడ దగ్గర నీరుకారి, సన్నబడి, పక్కకు ఒరిగిపోయేది. మళ్ళీ బుధవారానికి మళ్ళీ తెల్లటి నూగు. మొదటి విడత గింజలన్నీ అలాగే పోయాయి.

మా ఆఫీసులో నా పక్క సీటు ఆవిడది భీమవరం వైపు. మేడ మీద కూరగాయలు పండిస్తుంది. ఆవిడను అడిగాను.

"అయ్యో, అది నారుకుళ్ళండి. తడి ఎక్కువైతే వచ్చేస్తుంది. దాల్చినచెక్క పొడి చల్లి చూడండి, గాలి తగలనివ్వండి, మూత గీత పెట్టకండి" అంది.

రెండో విడత పోసి దాల్చినచెక్క పొడి చల్లాను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే "బిర్యానీయా?" అన్నాడు. నా చూపు చూసి మళ్ళీ నోరెత్తలేదు. బుధవారం వచ్చింది, బూజు వచ్చింది. దాల్చినచెక్క పొడి మీదే ఎక్కి కూర్చుంది.

ఇక నాలో టెస్టర్ లేచింది. ప్రతిసారీ బుధవారమే ఎందుకు? మా అపార్ట్‌మెంటుకు మంగళవారం ట్యాంకరు వస్తుంది. నీళ్ళలోనే ఏదో ఉందనుకుని తాగే నీళ్ళు పోశాను. తేడా లేదు. అప్పుడు ఒకే సంచిలోని కొబ్బరిపొట్టు, ఒకే డబ్బాలోని గింజలు, ఒకే నీళ్ళతో రెండు ట్రేలు పెట్టాను. ఒకటి హాల్లో, ఒకటి మా పడగ్గదిలో. పడగ్గది ట్రే శుభ్రంగా ఉంది. హాల్లో ట్రేకు బూజు. తిప్పి పెట్టాను. పడగ్గదిలో శుభ్రంగా ఉన్నదాన్ని హాల్లోకి తెస్తే దానికీ బూజు పట్టింది. తప్పు హాల్లోనే ఉందని తేలిపోయింది. గోడ నెమ్మెక్కిందని అసోసియేషన్ సెక్రటరీని పిలిచి నిలదీశాను. ఆయన గోడకు చెయ్యి ఆనించి, "పొడిగనే ఉంది కద మేడం, ఏంది మీ పరేషాన్?" అని వెళ్ళిపోయాడు.

పడగ్గదిలోనే పెంచుదామంటే అక్కడ వెలుతురు లేదు. కిటికీకి ఎదురుగా కొత్త టవర్ లేచింది. ఆ గదిలో మొలకలు తెల్లగా, దారాల్లా సాగి వాటంతటవే పడిపోయేవి. హాల్లో తప్ప వెలుతురు లేదు, హాల్లో పెడితే బూజు. డబ్బాలో గింజలు తరిగిపోతున్నాయి.

నేను చెంచాతో బూజు గీకుతున్నప్పుడల్లా మామగారు సోఫాలో కూర్చుని చూస్తుండేవారు. ముఖం చిన్నబోయేది. గింజలు పోతున్నాయని బాధపడుతున్నారనుకునేదాన్ని. ఒకసారి మాత్రం, "ఉండనీలేమ్మా, తుడవొద్దు" అన్నారు. "తుడవకపోతే ఎట్లా మామా, మొత్తం పాకిపోతుంది" అని గీకేశాను. ఆయన లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు.

మామగారి గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆయన బతుకంతా వేరుశనక్కాయల వ్యాపారం. బస్తాలోకి చెయ్యి పోనిచ్చి, గుప్పెడు తీసి, ఒక్కసారి వాసన చూసి, మూట పూర్తిగా విప్పకుండానే వెనక్కి పంపేవారని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. మా ఇంటికి వచ్చాక కూడా నేను సూపర్‌మార్కెట్ నుంచి పల్లీలు తెస్తే ముందు ఆయన ముక్కు దాటాలి. ఒకటి రెండుసార్లు ప్యాకెట్లు వాపసు ఇప్పించారు. అంత ముక్కున్న మనిషి.

ఆ తర్వాత ఒక సోమవారం. రాత్రంతా వాన కురిసి రోడ్ల మీద మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఆఫీసుకు రావద్దు, ఇంటి నుంచే పని చేయమని ఉదయాన్నే మెసేజి వచ్చింది. సోమ, మంగళ, బుధవారాలు నేను ఎప్పుడూ ఇంట్లో ఉండను. మామగారు పూజకు కూర్చునేసరికే క్యాబులో మియాపూర్ దాటి ఉంటాను. ఆ రోజు పడగ్గదిలో తలుపు వేసుకుని మీటింగులో ఉన్నాను. మధ్యలో కాఫీ కోసమని బయటికి వచ్చాను.

మామగారు తడి పంచెతో కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నుదుటి మీద విబూది రేఖలు. చేతిలో రాగి చెంబు. లోపల ఏదో చదువుకుంటూ, చెంబు వంచి, సన్నటి ధారగా నా ట్రేలో పోస్తున్నారు. పాలు, తేనె, చక్కెర కలిసిన నీళ్ళు. అభిషేకం నీళ్ళు.

మా వైపు ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. దేవుడికి అభిషేకం చేసిన నీళ్ళు తూములో పారబోయకూడదు. మనుషుల కాళ్ళు పడే చోట పోయకూడదు. పెరడు ఉంటే ఏ చెట్టు మొదట్లోనో పోసేస్తారు. ఏడో అంతస్తులో పెరడు ఎక్కడిది? ఇంటి నిండా టైల్సు, టైల్స్ నిండా మా కాళ్ళు.

నన్ను చూసి ఆయన ఉలిక్కిపడలేదు. నవ్వారు. మా అత్త పోయాక ఆయన అలా నవ్వడం నేను చూడలేదు.

"దామ్మా. నీకాడ ఇంక దాయడం బాగలేదనుకుంటాండా" అన్నారు. "మొదటి సోమవారం ఈ నీళ్ళు యాడ పోయాలో తెలీలా. మీ అత్త గింజలు ఈడుండాయి గదా, ఈ ఇంట్లో ఇంతకన్నా మంచి చోటేముంది అని పోసినా. రెండు దినాలకు చూస్తే మట్టి మీద విబూది వచ్చిండాది. నేను చల్లలా. నువ్వు చల్లలా. దాని పాటికి అదే వచ్చింది. మళ్ళా సోమవారం పోస్తే మళ్ళా వచ్చింది. ఆమె బాగుండాదని చెప్తాండాదేమో అనుకున్యా. ఇట్లాంటివి బయటికి చెప్పకూడదంటారు, అందుకే నోరు తెరవలా. నువ్వేమో వచ్చినప్పుడల్లా చెంచా తీసుకోని గీకేస్తాండావు. యాల గీకేస్తావమ్మా?"

నాకు మొదట వచ్చింది కోపం. దాచుకోను. పాలు, తేనె, చక్కెర! బూజుకు విందు భోజనం పెట్టి, ఆ బూజుకే దండం పెట్టుకుంటున్నారు. ఇన్ని వారాల నా తిప్పలు, ఇన్ని గింజలు. నోటి దాకా వచ్చిన మాట నోట్లోనే ఆగింది, ఆయన ముఖంలో వెలుగు చూసి. లోపల లాప్‌టాప్‌లోంచి ఎవరో నన్ను పిలుస్తున్నారు. "వస్తా మామా" అని గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. ఆ మీటింగులో ఎవరేం మాట్లాడారో ఒక్క ముక్క నా చెవిన పడలేదు.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను.

"ఉండనీలే. నాయన ఇప్పుడిప్పుడే మనుషుల్లో పడతాండాడు" అన్నాడు. "వంకాయలదేముంది, దొరకవా?"

"ఈ వంకాయ దొరకదు."

"ఆయన నవ్వు దొరుకుతుందా?"

ఆ మాట నన్ను రెండు రోజులు నమిలింది. సులువైన దారి ఒకటి నాకూ తోచింది. హాల్లో గింజల్లేని ఉత్త ట్రే పెట్టేసి, ఆయన పోసుకుంటూ, బూజు చూసుకుంటూ ఉండగా, మిగిలిన చిటికెడు గింజలు ఆఫీసుకు పట్టుకెళ్ళి నా సీటు పక్క కిటికీలో మొలిపిస్తే సరి. ఆయనకు ఆయన విబూది, నాకు నా నారు. ఎవరికీ నొప్పి లేదు. కానీ నా ఉద్యోగంలో నేను అన్నిటికన్నా అసహ్యించుకునేది దాన్నే. లోపల అంతా పాడైపోయి, పైన తెర మీద మాత్రం అన్నీ సవ్యంగా ఉన్నట్టు చూపించే ప్రోగ్రాము. ఆయన్ని ఉత్త ట్రే ముందు దండం పెట్టుకుంటూ నిలబెట్టి నేను తల తిప్పుకుని వెళ్ళలేను. మా అత్త అయితే అసలు ఊరుకునేది కాదు. ఉన్నది ముఖాన అనేయడమే ఆమె అలవాటు. ఆ ఒక్క విషయంలో మేమిద్దరం ఒకటి.

బుధవారం ఆఫీసు నుంచి త్వరగా వచ్చేశాను. ట్రే మీద తెల్లగా, దట్టంగా పట్టి ఉంది. ఆ వారం నేను గీకలేదు, ఆయన చాలా సంతోషంగా ఉన్నారు. ట్రే ఎత్తి సోఫా దగ్గరికి తీసుకెళ్ళాను.

"మామా, ఒక్కసారి వాసన చూడండి."

దండం పెట్టుకోబోతున్నట్టే వంగారు. ముక్కు దగ్గరగా పెట్టి గాలి పీల్చారు. అలాగే వంగి ఉండిపోయారు. ఆ ముఖంలో ఏం జరుగుతోందో నాకు కనిపిస్తూనే ఉంది. ఇన్ని వారాలుగా కళ్ళు చూసినదాన్ని ముక్కు ఒప్పుకోవడం లేదు.

"తడి బస్తా" అన్నారు చివరికి.

నేను ట్రే కింద పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను.

"చెనిక్కాయ తడారకుండా మూట కడితే వచ్చే వాసన." నెమ్మదిగా నిటారుగా కూర్చున్నారు. "బతుకంతా దీన్ని ఊరి బస్తాల్లో పట్టినా. నా ఇంట్లో నా కండ్ల ముందర వస్తే పట్టలేకపోతి."

"మీ తప్పు కాదు మామా. పాలూ చక్కెరా ఉంటే ఎక్కడైనా వస్తుంది."

"ఊఁ" అని లేచి గదిలోకి వెళ్ళిపోయారు. భోజనానికి వచ్చారు, తిన్నారు, మజ్జిగ అడిగి పోయించుకున్నారు, అంతే. మర్నాడు నుదుటి మీద విబూది లేదు. ఆ మర్నాడు కూడా లేదు. నాకు వంటింట్లో నిలబడి ఏడుపొచ్చింది. చెప్పినందుకు కాదు, చెప్పకుండా ఉంటే ఇంకా తప్పయ్యేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. కానీ ఒక మనిషికి భార్య మళ్ళీ ఒకసారి పోయినట్టు చేశాను కదా అని ఏడ్చాను. మా ఆయన నాతో ఒక్క మాట కూడా పరుషంగా అనలేదు. అంటే బాగుండేది.

ఆ సోమవారం ఇంటి నుంచే పని చేస్తానని ముందే చెప్పి ఉంచాను. మామగారు అభిషేకం చేస్తారో చేయరో తెలియదు. పొద్దున నీళ్ళ చప్పుడు వినిపించింది. కాసేపటికి తడి పంచెతో, చెంబు పట్టుకుని హాల్లోకి వచ్చారు. కిటికీ వైపు రెండడుగులు వేసి ఆగారు.

"ఈ నీళ్ళు యాడ పోయాలమ్మా?" అని అడిగారు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. నిజంగా తెలియక అడుగుతున్నారు.

ట్రేలో వద్దని చెప్పాను గానీ ఎక్కడ పోయాలో నేను ఆలోచించనే లేదు. "పదండి మామా, చూద్దాం" అని చెప్పులు కూడా వేసుకోకుండా లిఫ్టు ఎక్కాను.

కింద ఎక్కడ చూసినా పార్కింగ్. ముందు వైపు పూలకుండీల పక్కన పిల్లల సైకిళ్ళు. వెనక వైపు జనరేటర్. వాచ్‌మన్ మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచాడు. ఆయనది నారాయణపేట వైపు.

"ఏంది పెద్దయ్యా, గిట్ల తడి బట్టలతోని కిందికొచ్చినవ్?"

విషయం చెప్పాను. ఆయన రెండో మాట అడగలేదు. జనరేటర్ గది వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ ప్రహరీ గోడకూ గదికీ మధ్య జానెడు నేల, అందులో దానంతటదే మొలిచిన వేపమొక్క.

"గీడికి ఎవ్వరు రారు. నేను జర ఇటుకలు పేరుస్త సుట్టూర. ఎవ్వరి కాలు పడకుండ నేను జూస్కుంట, నువ్వేం ఫికర్ జెయ్యకు" అన్నాడు.

మామగారు వంగి చెంబెడు నీళ్ళూ వేపమొక్క మొదట్లో పోశారు. నేల ఒక్క గుక్కలో తాగేసింది. ఆయన అటే చూస్తూ కాసేపు నిలబడ్డారు. లిఫ్టులో పైకి వస్తున్నప్పుడు, అద్దంలో నన్ను చూస్తూ అడిగారు.

"ఇంగా ఎన్ని గింజలుండాయి?"

"చిటికెడు."

"చాలు."

ఆ మాట అన్న తీరుకు నాకు ధైర్యం వచ్చింది. అది బేరం కుదుర్చుకున్న వ్యాపారి గొంతు. ఆ రోజు నుంచి వంగనారు ఆయన చేతిలోకి పోయింది, నేను ఆయన చెప్పినట్టు వినే కూలిదాన్నయ్యాను. పాత కొబ్బరిపొట్టు మొత్తం బయట పడేయించారు. ట్రేలు సలసల కాగే నీళ్ళతో కడిగించారు. కొత్త పొట్టును హాల్లో పాత పంచె పరిచి దాని మీద ఎండబోశారు, కళ్ళంలో కాయలు ఎండబోసినట్టు. ఎండ లేదు కాబట్టి ఫ్యాను కింద. మా ఆయన దాని చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తిరిగి వెళ్ళాల్సి వచ్చింది.

"తడి చంపదమ్మా" అన్నారు పొట్టును వేళ్ళతో తిరగేస్తూ. "తడి నిలవుంటేనే చంపుతుంది. వచ్చినాదంటే పోవాల. గాలి ఆడాల."

గింజలు ఒత్తుగా చల్లనివ్వలేదు. ఒక్కొక్క గింజనూ వేలి కొనతో, ఒకదానికొకటి తగలకుండా పెట్టించారు. పైనుంచి నీళ్ళు పోయడం బంద్. ట్రే అడుగున చిల్లులు పొడిచి, పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో కాసేపు ఉంచి తీసేయడమే. అడుగు నుంచి కావలసినంత పీల్చుకుంటుంది, పైపొర పొడిగా ఉంటుంది. చిన్న టేబుల్ ఫ్యాను దూరంగా పెట్టి సన్నగా తిప్పాం. రోజూ పొద్దున ఆయన మట్టి మీద వేలు ఆనించి, "ఈ పొద్దు వద్దు" అనో, "ఈ పొద్దు పెట్టు" అనో చెప్పేవారు. నేను ఆఫీసులో ఉన్నప్పుడు ఫోన్ చేసి మరీ చెప్పేవారు. "ఎవరండీ, క్లయింటా?" అని భీమవరం ఆవిడ అడిగితే, "అంతకన్నా పెద్దాయన" అన్నాను.

మొలకలు వచ్చాయి. అన్నీ రాలేదు. వచ్చినవి మాత్రం మెడ వాల్చలేదు. రెండాకులు విచ్చుకున్నాయి. నేను కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నాను. ఒక సాయంత్రం వచ్చేసరికి మామగారు బల్ల ముందు కుర్చీ వేసుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి దించి, అగ్గిపుల్లతో ఏదో చేస్తున్నారు. దగ్గరికి వెళ్ళి చూశాను. ట్రే మూలలో తెల్లటి పోగు ఒకటి లేచింది. గోరంత. ఆయన దాని చుట్టూ ఉన్న పొట్టుతో సహా అగ్గిపుల్లతో పెకలించి కాగితంలో వేస్తున్నారు.

"మళ్ళా వచ్చిందా?" అని అడిగాను.

"రానీ. అది వస్తే మనం తీస్తాం" అన్నారు తల ఎత్తకుండా. కాగితం మడిచి నాకిచ్చారు. "బయట పారెయ్. చెత్తబుట్టలో వద్దు."

ఆ కాగితం పట్టుకుని లిఫ్టులో కిందికి వెళ్తుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మర్నాడు ఆయన నుదుటి మీద మళ్ళీ విబూది రేఖలు కనిపించాయి. నేను చూసీ చూడనట్టు కాఫీ ఇచ్చాను.

నారు బలపడ్డాక పెద్ద కుండీల్లోకి మార్చి బాల్కనీలో పెట్టాం. పావురాల కోసం వల సందులన్నీ మా ఆయన చేత కుట్టించాను. వంకాయలదేముందన్న మనిషి కదా, ఆ మాట గుర్తుచేసి మరీ కుట్టించాను. చలికాలం మొదలయ్యేసరికి పూత వచ్చింది. తర్వాత ఆకుల చాటున ముళ్ళ తొడిమతో, తెల్ల చారలతో ఒక కాయ. ఇంట్లో ముగ్గురం వరసగా వెళ్ళి దాన్ని చూసి వచ్చాం. కొబ్బరి, నువ్వులు వేయించి మసాలా నూరుకుందామని నేను అప్పుడే లెక్కలు వేసుకుంటున్నాను. మా ఆయన కత్తెర పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"దాన్ని ముట్టుకోవద్దు" అన్నారు మామగారు. తన పాత పంచె అంచు చింపి, ఆ పీలికను కాయ తొడిమకు కట్టారు. మా అత్త చేసేది అదే. విత్తనానికి వదిలిన కాయకు గుడ్డపీలిక కడితే ఇంట్లో ఎవరూ కోయరు. కూరకు తర్వాతి కాయల దాకా ఆగాం. ఆ కూర తిన్న రోజు మామగారు గిన్నె పక్కకు జరపలేదు, దగ్గరకు లాక్కున్నారు.

పీలిక కట్టిన కాయ మొక్క మీదే ముదిరి పసుపుపచ్చగా మారి, తొక్క గట్టిపడింది. కోసి, గింజలు నీళ్ళలో పిసికి, తేలినవి తీసేసి, మునిగినవి గుడ్డ మీద ఆరబోశాం. ఎన్ని రోజులు ఆరబెట్టించారో! చేత్తో పట్టుకుంటే గలగలమనేదాకా వదల్లేదు. చివరికి కాఫీ డబ్బా కడిగి తుడిచి తెచ్చాను. అప్పుడు గుర్తొచ్చింది. గింజలు కలపడానికి బూడిద కావాలి. గ్యాస్ పొయ్యి ఇంట్లో బూడిద ఎక్కడిది? పాత బూడిద విత్తినప్పుడే పారబోశాను.

"ఆన్‌లైన్‌లో పిడకలు దొరుకుతాయి మామా, తెప్పించి కాలుస్తా" అన్నాను.

ఆయన లేచి దేవుడి గూటి దగ్గరికి వెళ్ళి విబూది డబ్బా తెచ్చారు. పిడకల బూడిదే కదా అది. మూత తీసి, గింజల మీద వంచబోయి, ఆగారు. నా వైపు చూశారు. ఆ చూపులో కొంటెతనం ఉంది. డబ్బా నా ముక్కు దగ్గరికి చాపారు.

"ఇది మాత్రం విబూదేలేమ్మా. కావాలంటే నువ్వే వాసన చూడు."

చూశాను. పొడిగా ఉంది.